వంక పెట్టలేని బీచ్

మా అత్తగారింట్లో ఎవరికీ ఏదీ నచ్చదు. నచ్చకపోవడం ఆ ఇంటి పద్ధతి. ఒక వస్తువును చూడగానే బాగుందన్నవాడు వాళ్ల లెక్కలో ఒట్టి అమాయకుడు. అందులో ఒక వంక పట్టుకుని చూపించినవాడు బుద్ధిమంతుడు. ఒకసారి సోఫా కొనడానికి ఊళ్లో ఉన్న దుకాణాలన్నీ కాళ్లరిగేలా తిరిగి, ప్రతి సోఫాకూ ఒక వంక పెట్టి, చివరికి మొదటి దుకాణంలో మొదట చూసినదే మేలని తేల్చుకుని వెళ్లేసరికి దాన్ని ఎవరో పట్టుకుపోయారు. ఆ తర్వాత చాలాకాలం మా ఇంటికి వచ్చినవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లోనే కూర్చున్నారు. కోడలిగా నన్ను ఎలా ఒప్పుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ రోజు అందరికీ జ్వరం వచ్చి ఉండాలి.

దానికి తగ్గట్టే దొరికాయి ఉద్యోగాలు కూడా. మా ఆయన టైల్స్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కో టైలును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని గీత పడిందా, మచ్చ ఉందా, మూల చిట్లిందా అని చూడటమే ఆయన పని. ఆయన అక్క, అంటే మా వదిన, లెక్కల టీచరు. వందకు వంద వేస్తే పిల్లలు చెడిపోతారని ఆవిడ గట్టి నమ్మకం. వదిన భర్త, నేను అన్నయ్యగారని పిలిచే ఆయన, దర్జీ. ఎదుటివాడి చొక్కా భుజం ఎటు జారిందో చూశాకే ఆయన చూపు వాడి మొహం మీదికి వెళుతుంది. ఈ ముగ్గురికీ గురువు మా అత్తయ్య. ఇక నేను స్కూలు వ్యాను నడుపుతాను. వెనకాల పాతికమంది పిల్లలను వేసుకుని తిరిగేదానికి కోడిగుడ్డు మీద ఈకలు పీకే తీరిక ఎక్కడిది?

అత్తయ్యకు షుగరు వల్ల ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడి కన్నుకూ ఆపరేషన్ చేయాలన్నారు. చేసినా చూపు నిలుస్తుందని మాట ఇవ్వలేనని డాక్టరు ముందే చెప్పేశాడు. ఈలోగా కంటి ముందు మసక కమ్మినా, నల్లటి చుక్కలు కదిలినా, ఒక పక్కనుంచి తెర లాగినట్టు అనిపించినా పూట కూడా ఆగకుండా తీసుకురమ్మని ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడు. ఆ మాట అన్నప్పుడు మేమందరం ఆ గదిలోనే ఉన్నాం.

బయటికి వచ్చి మెట్లు దిగుతూ అత్తయ్య, "నేను సముద్రం చూడలేదర్రా ఇంతవరకూ" అన్నారు.

నిజమే, ఆవిడ చూడలేదు. మామయ్యగారు ఉన్నన్నాళ్లూ కొట్టు మూసి ఎరగరు. ఆయన పోయాక ఈవిడ కదలలేదు. ఉన్న ఒక్క కన్నూ ఉంటుందో పోతుందో తెలియనప్పుడు ఆవిడ అడిగింది అది ఒక్కటే. రేపే బయల్దేరదామన్నాను.

"రేపా? ఏ బీచ్‌కి?" అన్నారు మా ఆయన.

"ఏదో ఒక బీచ్‌కి. ఏ ఒడ్డున నిలబడినా అవే నీళ్లు కదండీ?"

ముగ్గురూ నా వంక జాలిగా చూశారు.

అక్కణ్ణించి మొదలైంది నాకు తలనొప్పి. ప్రతి సాయంత్రం భోజనాల బల్ల దగ్గర బీచ్‌ల ఎంపిక. ఒకదానిలో ఇసుక ముతకట. ఒకదానిలో అలలు చిన్నవట. ఇంకోచోట బళ్లు నిలిపే స్థలం ఎత్తుపల్లాలట. చూడకుండానే వంకలు పెట్టగలిగిన మనుషులను నేను అప్పుడే చూశాను. చివరికి మా ఆయన ఒక దారి కనిపెట్టారు. తీరం వెంబడి పోయే రోడ్డు మీద వరసగా ఉన్న బీచ్‌లన్నీ ఒకే రోజులో చూసుకుంటూ పోవాలి. కొండ మలుపు దాటాక వచ్చేది అన్నిటికంటే గొప్పదని ఆయన ఎక్కడో ఫొటోల్లో చూశారు. దాన్ని చివరికి అట్టేపెట్టారు.

"గొప్పదని తెలిశాక తిన్నగా దానికే పోవచ్చుగా?" అన్నాను.

"మిగతావి చూడకుండా అది గొప్పదని ఎలా తెలుస్తుందే?"

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరిస్తే ఎలా? ఆదివారం పొద్దున్నే స్కూలు వ్యాను తుడిచి, సీట్ల మీద దుప్పటి పరిచి, అత్తయ్యను మధ్య వరసలో కూర్చోబెట్టి బయల్దేరాను.

ఎండ బ్రహ్మాండంగా ఉంది. మొదటి బీచ్ హోటళ్ల ముందుది. కనుచూపు మేర ఇసుక, వరసగా గొడుగులు, నీళ్లలో కేరింతలు కొడుతున్న పిల్లలు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. మా ఆయన దిగి గుప్పెడు ఇసుక తీసి, ఎండకు ఎదురుగా పట్టుకుని వేళ్ల సందుల్లోంచి జార్చారు.

"గరుకు" అన్నారు.

"పదికి అయిదు" అంది వదిన.

"ఒడ్డు చూశారా? అటు చివర వంకర పోయింది" అన్నారు అన్నయ్యగారు.

"సముద్రం ఒడ్డు స్కేలు పెట్టి గీస్తారా అన్నయ్యా?" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

అత్తయ్య వ్యానులోంచే తొంగి చూశారు. "ఆ ఎర్ర గొడుగులేమిటి, కళ్లలో పొడుస్తున్నాయి. జనం కూడా ఎక్కువే. ఇంకోటి చూద్దాం."

"అత్తయ్యా, వచ్చాం కదా, దిగి కాళ్లు తడుపుకోండి."

"మంచిది దొరికాక తడుపుకుంటాను అమ్మాయ్. తొందరేముంది?"

రెండోదానిలో రాళ్లు ఎక్కువన్నారు. నిజానికి రాళ్లు ఒక పక్క మాత్రమే ఉన్నాయి, వాటి మీద కూర్చుని జనం ఫొటోలు దిగుతున్నారు. వదిన దానికి అయిదున్నర వేసి, కాసేపు ఆలోచించి అరమార్కు తీసేసింది. ఆ అరమార్కు ఎందుకు పోయిందని మొగుడూ పెళ్లాలిద్దరూ మూడో బీచ్ వచ్చేదాకా వాదించుకున్నారు. నేను పళ్లు కొరుక్కుంటూ బండి నడిపాను.

మూడోదాని దగ్గర అత్తయ్య చాలాసేపు కళ్లు చికిలించి చూశారు. "ఈ బీచ్ ఏమిటర్రా ఇలా మసగ్గా ఉంది? మంచు గానీ పట్టిందా?"

స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. నేను నల్ల కళ్లద్దాలు తీసి చూశాను. నీళ్లు తళతళలాడుతున్నాయి. అదే మాట చెప్పబోయేలోపు మా ఆయన అందుకున్నారు.

"ఇక్కడ తేమ ఎక్కువమ్మా. ఉప్పు గాలి. దూరం తేటగా కనపడదు."

"అవును, తేటగా లేదు. నాలుగు" అంది వదిన.

ఇదీ వాళ్ల తీరు. పొగిడితే నలుగురూ నాలుగు ప్రశ్నలు వేస్తారు. వంక పెడితే మాత్రం ఎవరూ కాదనరు, మారు మాట్లాడకుండా తలా ఒక చెయ్యి వేసి మోస్తారు. వాళ్లలో వాళ్లకు అదొక మర్యాద. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో వాదించి వాదించి నోరు నొప్పి పుట్టి మానేశాను. ఇప్పుడూ అంతే, కళ్లద్దాలు పెట్టుకుని గేరు మార్చాను.

ఆ తర్వాతి బీచ్ దగ్గర చెట్ల నీడలో భోజనానికి ఆగాం. బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు, కమలాపళ్లు తెచ్చాను. గుడ్లు ఒక రవ్వ ఎక్కువ ఉడికాయని మా ఆయన, కమలాపళ్లు పులుపని వదిన. ఆ పళ్లు ఏరి తెచ్చింది ఆవిడే. అత్తయ్య తొన ఒకటి నోట్లో పెట్టుకోబోయి ఒళ్లో జారవిడిచారు. మొహం ముందు చెయ్యి ఆడించారు.

"ఏమిటో నల్లగా ఎగురుతున్నాయి."

"ఈగలు" అన్నారు అన్నయ్యగారు వెంటనే, తువ్వాలు తీసి గాలిలో విసురుతూ. "సముద్రం పక్కన ఇంతే అత్తయ్యగారూ. చేపల వాసనకి వస్తాయి."

"ఈగలున్న చోట మార్కులేం వేస్తాం?" అంది వదిన.

నేను అప్పుడు మా ఆయనతో పోట్లాడుతున్నాను. ఆవిడను ఇక్కడే దింపి నీళ్ల దాకా నడిపిద్దాం, ఇంక ఎక్కడికీ వద్దు అని నేను. ఇంకో బీచ్, ఆ తర్వాత అసలుది ఉండగా ఇక్కడ దిగడం ఏమిటని ఆయన. "తిండి దగ్గర కూర్చున్నాక ఆకలి ఆపుకుంటావా ఏమిటి, కాస్త ఓపిక పట్టు" అన్నారు. ఆ పోలిక ఎటునుంచి ఎటు పోయిందో నాకు అర్థం కాలేదు. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరి బ్రెడ్డు ముక్కలు వాళ్లనే సర్దుకోమని చెప్పి వెళ్లి సీట్లో కూర్చున్నాను.

తర్వాతి బీచ్‌లో మనిషన్నవాడు లేడు. బండిని తిన్నగా సముద్రం వైపు తిప్పి, ఇసుక అంచున ఆపాను. అద్దంలోంచి మొత్తం నీళ్లే. మా ఆయన ఫోనులో చివరి బీచ్ ఫొటోలు బావకు చూపిస్తున్నారు. వదిన చెప్పుల్లో ఇసుక దులుపుకుంటోంది.

"కుడి పక్కన ఆ గోడ ఎవరు కట్టారో గానీ బుద్ధి లేదు" అన్నారు అత్తయ్య. "సముద్రం సగమే కనిపిస్తోంది."

"అవునమ్మా" అన్నారు మా ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండా. "ఈ మధ్య ఎక్కడ చూసినా గోడలే. ఇష్టం వచ్చినట్టు కట్టేస్తున్నారు."

"గోడకి రెండు మార్కులు తీసేశాను" అంది వదిన.

"గోడ కూడా వంకరే" అన్నారు అన్నయ్యగారు.

నేను కుడి పక్క చూశాను. ఎడమ పక్క చూశాను. ఇసుక, నీళ్లు, ఆకాశం. తలుపు దగ్గరి స్తంభమేమో అనుకుని అత్తయ్య కూర్చున్న వరస వైపు తిరిగాను. అక్కడ నిలువెత్తు కిటికీ బార్లా తెరిచి ఉంది.

"ఏ గోడ?" అన్నాను.

"ఏవండీ, మిమ్మల్నే. గోడ ఏదో చూపించండి."

ఆయన తల ఎత్తారు. అటూ ఇటూ చూశారు. "అమ్మ చెప్పింది కదా" అన్నారు.

నా పైన పెద్ద అద్దం ఉంటుంది, పిల్లలను చూసుకోవడానికి. ఏ పిల్లవాడు వాంతి చేసుకోబోతున్నాడో, ఎవడు పక్కవాణ్ణి గిల్లబోతున్నాడో అందులో మొహాలు చూసి ముందే చెప్పేస్తాను. ఆ అద్దంలో ఇప్పుడు అత్తయ్య తల ఒక పక్కకు వంచి, కిటికీ చాటునుంచి తొంగి చూసే మనిషిలా సముద్రాన్ని చూస్తున్నారు. దిగి పరుగున వెళ్లి తలుపు తీసి, ఆవిడ మొహానికి కుడి పక్కగా నా చెయ్యి పెట్టాను.

"అత్తయ్యా, నావి ఎన్ని వేళ్లు?"

"ఎక్కడ?"

వదిన చేతిలోంచి చెప్పు కింద పడింది.

"ఎప్పటినుంచి ఇలా?" అన్నాను.

"పొద్దున బాగానే ఉంది" అన్నారు అత్తయ్య, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా. "ఆ మంచు పట్టిన చోట మొదలైంది. ఆ బీచే అంత అనుకున్నాను. ఇంకోటి తేటగా ఉంటుందేమోనని చూశాను. తర్వాత ఆ ఈగలొచ్చాయి. మీరందరూ ఈగలన్నారు. గోడ కూడా... గోడ ఉందన్నారుగా?"

"మరి డాక్టరు చెప్పింది గుర్తు లేదా అత్తయ్యా?"

ఆవిడ ఒళ్లో చీర మడత సవరించుకున్నారు. "అనుమానం వచ్చింది. చెబితే బండి వెనక్కి తిప్పేస్తావు. ఇంకా మంచిది చూడనే లేదు కదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ మీద, ఆవిడను ఇలా పెంచిన లోకం మీద, ఆవిడ పెంచిన ఈ ఇద్దరి మీద, మధ్యలో తువ్వాలు విసిరిన అన్నయ్యగారి మీద, అందరి మీదా ఒకేసారి కోపం వచ్చింది.

"మీకు కళ్లున్నాయా అసలు?" అని అరిచాను. "ఆవిడకైతే ఒక కన్ను పోయింది, ఇంకోటి పోతోంది. మీ ముగ్గురికీ ఆరు కళ్లు చక్కగా ఉన్నాయి! మంచు లేదు, ఈగలు లేవు, గోడ లేదు. లేని గోడకి మార్కులు తీసేసిన మనుషులు మీరు! వంకర కూడా కనపడిందా అన్నయ్యా, లేని గోడలో?"

అన్నయ్యగారు తల వంచుకున్నారు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన, "అమ్మ అన్నాక ఉందనే అనుకున్నానే" అన్నారు. ఆయన గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, తిట్టడానికి నోట్లో ఉన్న మిగతా మాటలు మింగేశాను.

డాక్టరుకు ఫోను చేశాను. అదృష్టం బాగుండి మొదటిసారికే ఎత్తాడు. తెర ఎంతవరకు వచ్చిందని అడిగాడు. వెనక్కి రావడం కంటే ముందున్న రేవు పట్టణంలో కంటి ఆస్పత్రి దగ్గరని, అక్కడి సర్జనుకు తను చెబుతానని అన్నాడు. "పడుకోబెట్టండి. తల కదలనివ్వకండి. లేవనివ్వకండి. ఎక్కడా ఆగకండి. తెర మధ్యకి రాకముందే చేరితే కన్ను దక్కించుకోవచ్చు."

వెనక వరసలో దుప్పట్లు మడతపెట్టి అత్తయ్యను పడుకోబెట్టాం. వదిన ఒళ్లో తల. ఆవిడ చెవులకు రెండు పక్కలా మా ఆయన అరచేతులు ఆనించి కింద మోకాళ్ల మీద కూర్చున్నారు. మండుతున్న ఎండలో, పిల్లలను తీసుకెళ్లేటప్పటికంటే నెమ్మదిగా గతుకులు తప్పిస్తూ, మంచి రోడ్డు దొరికిన చోట తొక్కుతూ నడిపాను. ఎవరూ మాట్లాడలేదు. ఆ ఇంట్లో మనుషులు అంతసేపు దేనికీ వంక పెట్టకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు. నాకు అది కూడా చిరాకు తెప్పించింది. పొద్దున ఈ మౌనం పాటించి ఉంటే ఎంత బాగుండేది.

ఆస్పత్రికి దారి ఒక్కటే. కొండ మలుపు మీదుగా.

మలుపు తిరగ్గానే ఎడమ పక్కన అది కనిపించింది. ఫొటోలు దానికి అన్యాయం చేశాయి. ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లటి ఇసుక, ఒడ్డున లేతాకుపచ్చగా మొదలై పోనుపోను ముదురు నీలమైపోయిన నీళ్లు. ఒక్కో అల తాపీగా లేచి, ఎండను వీపు మీద మోసుకొచ్చి, చప్పుడు లేకుండా పరుచుకుంటోంది. రోడ్డుకు అడ్డంగా చెట్టు లేదు, గోడ లేదు, గొడుగు లేదు. ఎక్కడైనా ఒక వంక దొరికితే బాగుండునని వెతికాను. నా జన్మలో మొదటిసారి నేను వంక కోసం వెతికాను. దొరకలేదు.

గాలి మారింది కాబోలు, అత్తయ్యకు తెలిసిపోయింది.

"వచ్చేసిందా అది?" అన్నారు. "ఆఖరిదేనా?"

మా ఆయన ఆవిడ తలను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

"అమ్మాయ్, ఒక్క నిమిషం ఆపు. లేచి చూస్తాను. ఎడమ పక్క ఇంకా బాగానే కనిపిస్తోంది. తర్వాత మీరు ఎక్కడికి తీసుకెళితే అక్కడికి వస్తాను."

నా కాలు యాక్సిలేటరు మీద వదులైంది. ఆ మాట నిజం. ఇప్పుడు లేస్తే చూడగలరు, సగమైనా. ఆస్పత్రిలో ఆ కన్ను దక్కకపోతే ఇంక ఏ సముద్రమూ లేదు. లేచినందువల్లనే ఆ కన్ను పోతే? నేను కోడలిని. ఆపినా మాట పడేది నేనే, ఆపకపోయినా నేనే. ఎవరైనా ఏదైనా చెప్పండర్రా అని నోరు విప్పబోయాను.

"వద్దమ్మా" అన్నారు మా ఆయన. "ఏమంత బాగోలేదు."

"బాగోలేదా? గొప్పదన్నావు కదరా?"

"ఫొటోలు అలాగే ఉంటాయమ్మా. ఇసుకంతా నల్లగా ఉంది. మచ్చలు మచ్చలుగా."

"నీళ్లు?"

"మురికి" అంది వదిన, తల్లి నుదుటి మీద జుట్టు వెనక్కి తోస్తూ. "బురద నీళ్లమ్మా. పదికి రెండు. రెండు కూడా దండగే."

"వంకర ఒడ్డు అత్తయ్యగారూ" అన్నారు అన్నయ్యగారు. "మొదటిదే నయం దీనికంటే. చాలా నయం."

అత్తయ్య ఆలోచించారు. అబద్ధమేమోనని అనుమానించే అవకాశం ఆవిడకు లేదు. తన పిల్లలు ఒకదాన్ని బాగోలేదంటే ఆవిడ ఎప్పుడు నమ్మలేదు గనుక? లేపబోయిన తలను మెల్లగా మళ్లీ కూతురి ఒళ్లో పెట్టుకున్నారు.

"నువ్వు చెప్పు అమ్మాయ్" అన్నారు. "నువ్వు ప్రతిదీ బాగుందంటావు. ఇది ఎలా ఉంది?"

నాకు కళ్లలో నీళ్లు నిండి రోడ్డు కనిపించలేదు. చేత్తో తుడుచుకున్నాను.

"చెత్తగా ఉంది అత్తయ్యా" అన్నాను. "ఇలాంటి బీచ్ నేనెక్కడా చూడలేదు."

"అయితే పోనీ" అన్నారావిడ, కళ్లు మూసుకుంటూ. "ఆపకు."

నేను యాక్సిలేటరు తొక్కాను. వాళ్లు ఆగలేదు. నాచు అన్నారు, వాసన అన్నారు, గాజు పెంకులన్నారు, అలల్లో పస లేదన్నారు. నేను పైన అద్దంలోకి చూశాను. ఆ ముగ్గురూ కిటికీ వైపు తిరిగి, కన్ను ఆర్పకుండా, చెంపలు తడిసిపోతున్నా తుడుచుకోకుండా ఆ సముద్రాన్ని చూస్తున్నారు. నోళ్లు మాత్రం దాన్ని తిడుతూనే ఉన్నాయి.